ఎయిడ్ అక్కర్లేదని పెట్టి, సీటు వచ్చాక అడగవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి పన్నెండో తరగతిలో ఉంది, అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ చదవాలనుకుంటోంది. ఇంటి ఖర్చులు పోగా మీరు ఏడాదికి 12,000 డాలర్లకు మించి కట్టలేరు. "దరఖాస్తులో ఆర్థిక సహాయం అక్కర్లేదని పెట్టండి, సీటు సులువుగా వస్తుంది. వచ్చాక పరిస్థితి తారుమారైందని రాసి అడగవచ్చు" అని ఒక కన్సల్టెంటు చెప్పారు. అది నిజమేనా, కాకపోతే వేరే దారి ఏమిటి అని అడిగారు.

వద్దు, ఆ సలహా పాటించకండి. అందులో సగం నిజం ఉంది, అందుకే అది అంత నమ్మకంగా వినిపిస్తుంది. సహాయం అడగనివారికి చాలా కళాశాలల్లో సీటు కాస్త తేలిగ్గా దొరుకుతుందన్నది నిజమే. సీటు వచ్చాక అడగవచ్చన్నది మాత్రం విదేశీ విద్యార్థుల విషయంలో చాలాచోట్ల చెల్లదు. స్టాన్‌ఫర్డ్ అయితే ఈ మాట తన నిబంధనల్లోనే రాసి పెట్టింది: దరఖాస్తు సమయంలో సహాయం అడగని విదేశీ విద్యార్థికి ఆ తర్వాత నాలుగేళ్లలో ఎప్పుడూ అర్హత ఉండదు. మీరు కట్టగలిగేది 12,000 అయితే ఫారంలో 12,000 అనే రాయండి. ఆ అంకె చూసి కూడా సీటు ఇచ్చే కళాశాలలు ఉన్నాయి. అవి ఏవో, వాటికి కాగితాలు ఎలా పంపాలో కింద రాస్తున్నాను.

నేను పదకొండేళ్లు ఒక చిన్న అమెరికన్ లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో ఆర్థిక సహాయ విభాగంలో పనిచేశాను. విదేశాల నుంచి వచ్చే కుటుంబాల ఆదాయపు పత్రాలు చదవడం నా పని. ఇప్పుడు బల్లకు ఇవతలి వైపు కూర్చుని, విద్యార్థులకు అవే పత్రాలు సర్దిపెడుతున్నాను.

ముందు డబ్బు ఎవరిదో చూడాలి. అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, ఫెడరల్ రుణాలు, వాటికోసం నింపే ఫాఫ్సా దరఖాస్తు ఇవేవీ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చేవారికి వర్తించవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్రం పిల్లలకు తక్కువ ఫీజుతో చదువు చెప్పడానికి పుట్టినవి. విదేశీ విద్యార్థి పూర్తి ఫీజు కట్టి వాటి ఖర్చుకు సాయపడతాడని అవి చూస్తాయే తప్ప, అవసరాన్ని బట్టి సహాయం ఇవ్వడం చాలా అరుదు. అంటే మీకు మిగిలేది ప్రైవేటు కళాశాలలు, అవి తమ సొంత నిధుల్లోంచి ఇచ్చే గ్రాంట్లు. అక్కడ బోధన రుసుము, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కలిపి ఏడాదికి 85,000 నుంచి 95,000 డాలర్లు అవుతోంది. 88,000 అనుకుంటే, మీ 12,000 తీసేశాక మిగిలే లోటు 76,000. నాలుగేళ్లకు మూడు లక్షల నాలుగు వేల డాలర్లు. మీరు అడుగుతున్నది అంత. ఈ మొత్తం చూసి భయపడవద్దు, కానీ మరచిపోవద్దు కూడా.

ఇక్కడ కళాశాలలు రెండు రకాలు. ప్రవేశ నిర్ణయంలో మీ ఆర్థిక స్థితిని అసలు చూడనివి నీడ్ బ్లైండ్. చూసేవి నీడ్ అవేర్. చాలా కళాశాలలు అమెరికన్ పౌరులకు నీడ్ బ్లైండ్‌గా ఉంటూ, విదేశీ విద్యార్థులకు నీడ్ అవేర్‌గా ఉంటాయి. వెబ్‌సైటులో మొదటి పేజీ మీద కనిపించే మాట పౌరుల గురించి. మీకు వర్తించే వాక్యం విదేశీ దరఖాస్తుదారుల పేజీలో, కిందెక్కడో ఉంటుంది. దాన్ని వెతికి చదవండి.

విదేశీ విద్యార్థులకు కూడా నీడ్ బ్లైండ్‌గా ఉండి, చేర్చుకున్నవారికి పూర్తి అవసరం (కుటుంబం కట్టగలిగింది పోను మిగిలిన ఖర్చంతా) తీర్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్. 2022లో డార్ట్‌మత్, బౌడన్ ఈ వరుసలో చేరాయి. 2025లో చేరిన తరగతి నుంచి బ్రౌన్ కూడా ఈ విధానానికి మారింది. నోటర్ డామ్ 2024లో ఇదే ప్రకటించింది. వీటిలో సహాయం అడిగినందుకు మీ అమ్మాయికి రవ్వంత నష్టం కూడా లేదు. అక్కడ "అక్కర్లేదు" అని పెట్టడం చేజేతులా గండి కొట్టుకోవడమే. ఈ విధానాలు శిలాశాసనాలు కావని మాత్రం గుర్తుంచుకోండి. విలియమ్స్ ఒకప్పుడు విదేశీయులకు నీడ్ బ్లైండ్‌గా ఉండేది, 2010లో ఆ పద్ధతి మానుకుంది. డార్ట్‌మత్ ఒకసారి మానుకుని మళ్లీ మొదలుపెట్టింది. అందుకే పాత జాబితాలు నమ్మకుండా, దరఖాస్తు చేసే ఏడాది కళాశాల పేజీ చూసుకోవాలి.

నీడ్ బ్లైండ్ అంటే సులువని అర్థం కాదు. ఎంఐటీలో విదేశీ దరఖాస్తుల్లో సీటు వచ్చేది నూటికి ఇద్దరికి అటూ ఇటూగా. ఎనిమిదో తొమ్మిదో ఇలాంటి కళాశాలలకు మాత్రమే దరఖాస్తు చేసి, "మాకు అదృష్టం లేదు" అని బాధపడే కుటుంబాలను ప్రతి ఏప్రిల్‌లో చూస్తుంటాను.

రెండో రకంలోనే అసలు జాబితా ఉంది. ప్రవేశంలో డబ్బు చూస్తాయి, కానీ తీసుకున్నాక పూర్తి అవసరం తీరుస్తాయి. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా, వెస్లియన్, వాసర్, గ్రినెల్, మెకాలెస్టర్, కార్లటన్, స్మిత్, మౌంట్ హోలియోక్, బ్రిన్ మార్, స్కిడ్‌మోర్ ఈ కోవలోవి. వీటిలో స్మిత్, మౌంట్ హోలియోక్, బ్రిన్ మార్ మహిళా కళాశాలలు. మీ అమ్మాయి వాటిని ఒకసారి చూడాలి. పేరు వినలేదని పక్కన పెట్టకండి. విదేశీ విద్యార్థుల కోసం ఏళ్ల తరబడి ప్రత్యేకంగా నిధులు కేటాయిస్తున్న కళాశాలల్లో మన బంధువులెవరికీ తెలియని పేర్లే ఎక్కువ.

మూడో రకం కూడా ఉంది: సీటు ఇస్తారు, సహాయం సగమే ఇస్తారు. 88,000 ఖర్చుకు 35,000 గ్రాంటు ఇచ్చి అభినందనల ఉత్తరం పంపుతారు. మీలాంటి కుటుంబానికి ఆ ఉత్తరం ఫ్రేము కట్టుకోవడానికి తప్ప పనికిరాదు. "విదేశీ విద్యార్థుల పూర్తి అవసరం తీరుస్తాం" అనే వాక్యం కళాశాల పేజీలో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇక నీడ్ అవేర్ కళాశాలలో డబ్బు ఎలా చూస్తారో చెప్తాను, ఎందుకంటే కన్సల్టెంటు చెప్పిన సగం నిజం ఇక్కడి నుంచే పుట్టింది. ప్రవేశ విభాగం వారు ముందు దరఖాస్తులు చదివి, తమకు నచ్చినవారి జాబితా తయారుచేస్తారు. మార్చి మొదట్లో ఆ జాబితా మా దగ్గరికి వచ్చేది. ఒక్కొక్క పేరు పక్కన మేము లెక్కకట్టిన అవసరం ఉంటుంది: 81,000, 44,000, 76,000, సున్నా. అడుగున మొత్తం. ఆ మొత్తం ప్రతి ఏడాదీ మాకిచ్చిన బడ్జెట్‌ను దాటేది. అప్పుడు తలుపులు వేసుకుని కూర్చుని, జాబితా అడుగు నుంచి పైకి వస్తూ పేర్లు తీసేసేవాళ్లం. సున్నా ఉన్న పేరును ఎవరూ ముట్టుకోరు. 40,000 అవసరమున్న ఇద్దరిని ఉంచాలా, 80,000 అవసరమున్న ఒక్కరిని ఉంచాలా అనే వాదన గంటలు గంటలు సాగేది. పైవరుసలో, అంటే ఎలాగైనా కావాలని ప్రవేశ విభాగం పట్టుబట్టిన పేర్ల జోలికి మాత్రం ఎంత అవసరమున్నా వెళ్లేవాళ్లం కాదు.

కాబట్టి సున్నా రాస్తే లాభమే కదా అనిపిస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చూడండి. ఒక ఏడాది ఒక అబ్బాయి సహాయం వద్దని పెట్టాడు. మంచి విద్యార్థి, సీటు వచ్చింది. ఏప్రిల్ రెండో వారంలో వాళ్ల నాన్నగారి నుంచి ఈమెయిల్: వ్యాపారం దెబ్బతిన్నది, 70,000 డాలర్ల సహాయం కావాలి. మా దగ్గర ఆ ఏడాది విదేశీ నిధిలో రూపాయి కూడా మిగల్లేదు. మార్చిలోనే పంచేశాం. పైగా వ్యాపారం దెబ్బతిన్నది జనవరిలో అని ఆయన పంపిన పత్రాలే చెబుతున్నాయి, దరఖాస్తు గడువు అయిన రెండు వారాలకు. నిజంగా అప్పుడే దెబ్బతిని ఉండవచ్చు. కానీ అలాంటి ఉత్తరాలు ప్రతి వసంతంలో డజన్ల కొద్దీ వస్తాయి, అన్నిట్లోనూ జనవరిలోనే ఏదో జరుగుతుంది. నిజమైన కష్టం కూడా ఆ గుంపులో కలిసిపోతుంది. అబ్బాయి చేరలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది.

దీనికి చెల్లెలు లాంటి తప్పు ఇంకొకటి ఉంది: సున్నా బదులు, కట్టగలిగినదానికంటే ఎక్కువ రాయడం. 12,000 కట్టగలిగినవారు "30,000 కడతాం" అని రాస్తారు, ఎలాగో సర్దుకోవచ్చులే అని. కళాశాల ఆ మాట నమ్మి 58,000 గ్రాంటు ఇస్తుంది. వీసా దరఖాస్తుకు కావలసిన ఐ-20 అనే పత్రం ఇచ్చేముందు ఆ 30,000 బ్యాంకులో ఉన్నట్టు రుజువు చూపమంటుంది. లేకపోతే ఐ-20 లేదు, ఐ-20 లేకపోతే వీసా లేదు. అప్పు తెచ్చి చూపించి ఎలాగో మొదటి ఏడాది గట్టెక్కితే, రెండో ఏడాదికి మళ్లీ 30,000 కావాలి. సగంలో చదువు ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. సీటు రాకపోవడం దానికంటే వెయ్యి రెట్లు నయం.

మీ అంకెను నిజాయితీగా పెంచుకోవడం మాత్రం మంచి పనే. అన్నగారో, మేనమామో ఏడాదికి 4,000 ఇస్తామంటే, నాలుగేళ్లూ ఇస్తారా అని ఇప్పుడే స్పష్టంగా అడగండి. ఇస్తారంటే అది కలిపి 16,000 రాయండి. ఇంటిలో మొహమాటపడి ఇప్పుడు అడగకుండా, సీటు వచ్చాక అడిగితే ఆ డబ్బు వల్ల రావలసిన లాభం రాదు.

పత్రాల విషయం. చాలా ప్రైవేటు కళాశాలలు కాలేజ్ బోర్డు అనే సంస్థ నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక వివరాల ఫారం అడుగుతాయి. ఇది ఏటా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. మొదటి కళాశాలకు 25 డాలర్లు, ఆ తర్వాత ఒక్కొక్కదానికి 16 డాలర్లు. రుసుము కట్టలేకపోతే కళాశాలకు ఈమెయిల్ రాయండి. కొన్ని మినహాయింపు కోడ్ పంపుతాయి, కొన్ని తమ సొంత ఉచిత ఫారం ఇస్తాయి.

ఈ ఫారం మీ దేశపు కరెన్సీలోనే నింపాలి. డాలర్లలోకి అదే మార్చుకుంటుంది. నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువైనది ఇక్కడే. కరెన్సీ దగ్గర తమ దేశం ఎంచుకుని, అంకెలు మాత్రం డాలర్లలోకి మార్చి రాస్తారు. అప్పుడు కుటుంబ ఆదాయం నెలకు భోజనానికి కూడా చాలనంతగా కనిపిస్తుంది. లేదా నెలజీతాన్ని ఏడాది ఆదాయం గడిలో వేస్తారు. ఒకసారి ఒక సున్నా ఎక్కువ పడి, ఒక ఉపాధ్యాయురాలు మా తెరమీద కోటీశ్వరురాలైపోయింది. పక్కన ఉన్న పన్ను పత్రం చూసి పట్టుకున్నాం, కానీ అందరూ అంత ఓపికగా చూడరు. నింపినవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు ఉండాలి.

ఆదాయం రెండేళ్ల కిందటిది అడుగుతారు. 2026 శరత్కాలంలో చేరేవారికి 2024 ఆదాయం ఆధారం. ఆ తర్వాత ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా ఆ విషయం ఫారంలో ఉన్న ప్రత్యేక పరిస్థితుల గడిలో రాయకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. పన్ను రిటర్నులు లేనివారు యజమాని నుంచి జీతం ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఇంగ్లీషులో లేని ప్రతి పత్రానికీ అనువాదం జతచేయాలి.

బ్యాంకు స్టేట్‌మెంటు గురించి ఒక ముచ్చట. ఒక ఫైలులో ఏడాది పొడవునా ఖాతాలో 900, 1,100 డాలర్లకు సమానమైన నిల్వ. నవంబర్ 28న ఒక్కసారిగా 24,000 వచ్చింది. డిసెంబర్ 19న 24,000 వెళ్లిపోయింది. తర్వాత అడిగితే తేలింది: అమ్మాయి పెదనాన్న, "ఖాతాలో డబ్బు కనిపించకపోతే పరువు పోతుంది" అని మూడు వారాలకు సర్దారు. పరువు నిలిచింది, మా లెక్కలో వాళ్ల పొదుపు 24,000 అయి కూర్చుంది. వీసా దగ్గర డబ్బు కనిపించాలి, సహాయం దగ్గర కనిపించకూడదు అనే ఆలోచనతో ఇలాంటివి చేస్తారు. రెండు చోట్లా ఒకే నిజం కనిపించాలి. కళాశాల ఇచ్చే గ్రాంటు ఐ-20 మీద అంకెగా అచ్చవుతుంది, మీరు చూపాల్సింది మీ వాటా 12,000 మాత్రమే. 88,000 మొత్తం బ్యాంకులో ఉండాలని ఎవరూ అనరు. అబద్ధపు పత్రాలు పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి: సీటు రద్దు. చేరాక బయటపడినా రద్దే.

"పూర్తి అవసరం" అనే మాటలో ఒక మెలిక ఉంది. ఆ అవసరం ఎంతో నిర్ణయించేది కళాశాల, మీరు కాదు. ఆదాయంతో పాటు ఇల్లు, భూమి, పొదుపు, వ్యాపారంలో వాటా కూడా చూస్తారు. నాన్నగారి పేరు మీద తాతల భూమి ఉంటుంది. అది నలుగురు అన్నదమ్ములది, అమ్మే వీలు లేదు, దాని మీద పైసా ఆదాయం లేదు. కాగితం మీద మాత్రం ఆస్తి. అలాంటిది ఉంటే ఒక పేజీ ఉత్తరం రాయండి. నాకు గుర్తున్న మంచి ఉత్తరాలన్నీ పొట్టివే. ఒక తండ్రి రాసినది ఇంచుమించు ఇలా ఉండేది: నా జీతం ఇంత, అద్దె ఇంత, మా అమ్మ మందులకు నెలకు ఇంత, చిన్నవాడి బడి ఫీజు ఇంత, మిగిలేది ఇంత, భూమిలో నా వాటా నాలుగో వంతు, పంపకం కాలేదు, పత్రం జతచేశాను. అందులో వేడుకోలు ఒక్క మాట లేదు. ఆ ఫైలు మీద నేను పది నిమిషాల్లో నిర్ణయం రాశాను, అతను అడిగిన అంకెకు 500 డాలర్ల తేడాలో.

ఆదాయపు హద్దుల గురించి వార్తల్లో వచ్చినవి మీరు చదివే ఉంటారు. 2025–26 నుంచి హార్వర్డ్ ఏడాదికి 1,00,000 డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల దగ్గర ఏమీ తీసుకోదు, 2,00,000 లోపు వారికి బోధన రుసుము ఉండదు. ఎంఐటీలోనూ ఇవే హద్దులు. ఈ ప్రకటనలన్నిటికీ "సాధారణ స్థాయి ఆస్తులు ఉంటే" అనే తోక ఉంది, అది చదవకుండా సంబరపడకండి. మీ ఆదాయంతో మీకు ఇలాంటి చోట ఆ 12,000 కూడా కట్టే పని ఉండకపోవచ్చు.

ఎర్లీ డెసిషన్ వేయాలా? చాలామంది కౌన్సెలర్లు సహాయం కావాల్సినవారు ఇది వేయకూడదంటారు, ఎందుకంటే సీటు వస్తే చేరతామని ముందే మాట ఇవ్వాలి, ఇతర కళాశాలల ఆఫర్లతో పోల్చుకునే వీలుండదు. మీ విషయంలో నా అభిప్రాయం వేరు. మీకు పోల్చుకోవడానికి నాలుగు ఆఫర్లు రావు, ఒకటి వస్తే చాలు. నవంబర్‌లో దరఖాస్తు చేసినవారి ఫైలు డిసెంబర్‌లో చదువుతారు. అప్పటికి విదేశీ నిధి ఇంకా చెక్కు చెదరకుండా ఉంటుంది. మార్చిలో తలుపులు వేసుకుని మేము చేసిన వాదనలు డిసెంబర్‌లో ఇంత తీవ్రంగా ఉండేవి కావు. ఇచ్చిన సహాయం చాలకపోతే ఆ కారణంతో మాట వెనక్కి తీసుకోవచ్చు, దీనికి దాదాపు అన్ని కళాశాలలూ ఒప్పుకుంటాయి. అయితే పూర్తి అవసరం తీరుస్తామని చెప్పే కళాశాలకే ఇలా వేయాలి. అమ్మాయికి నిజంగా నచ్చిందై ఉండాలి.

మరికొన్ని దారులు క్లుప్తంగా. కెంటకీలోని బెరియా కళాశాల తాను చేర్చుకునే ప్రతి విదేశీ విద్యార్థికీ మొదటి ఏడాది ఖర్చు పూర్తిగా భరిస్తుంది. అక్కడ అందరూ వారానికి కనీసం పది గంటలు క్యాంపస్‌లో పనిచేయాలి, ఏటా తీసుకునే విదేశీయులు చాలా తక్కువమంది. యునైటెడ్ వరల్డ్ కాలేజీలనే అంతర్జాతీయ పాఠశాలల్లో చదివి బయటికి వచ్చినవారికి డేవిస్ స్కాలర్ పథకం కింద అనేక అమెరికన్ కళాశాలల్లో నిధులుంటాయి. తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇప్పించే క్వెస్ట్‌బ్రిడ్జ్ గురించి ఎవరైనా చెబితే, అమెరికా బయట ఉండి చదువుతున్న విదేశీ విద్యార్థులకు అది కాదని తెలుసుకోండి. మెరిట్ స్కాలర్‌షిప్‌లు వేరే లెక్క, వాటికి మీ ఆదాయంతో పని లేదు. వాషింగ్టన్ అండ్ లీలో జాన్సన్ స్కాలర్‌షిప్, వాండర్‌బిల్ట్‌లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ స్కాలర్‌షిప్ విదేశీయులకూ ఉన్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ కళాశాలల్లో మాత్రం మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు. అక్కడ ఇస్తామని ఎవరైనా మీతో అంటే వాళ్లకు విషయం తెలియదన్నమాట. "ముందు చవకైన కమ్యూనిటీ కాలేజీలో చేరి, తర్వాత పెద్ద కళాశాలకు మారవచ్చు" అనే మాట కూడా వింటారు. బదిలీపై వచ్చే విదేశీ విద్యార్థికి సహాయం ఇచ్చే కళాశాలలు ఇంకా తక్కువ.

సీటు, సహాయం రెండూ వచ్చాయనుకుందాం. సహాయ పత్రం చేతికి వచ్చినప్పుడు మొత్తం చూసి మురిసిపోకుండా ఒక్కొక్క వరుస చదవండి. గ్రాంటు ఎంత, రుణం ఎంత, క్యాంపస్ ఉద్యోగం ఎంత? ఉద్యోగం పేరిట 3,000 అని ఉంటే అది ఆగస్టు బిల్లులో తగ్గదు. మీ అమ్మాయి పనిచేస్తుంటే జీతంగా కొద్దికొద్దిగా వస్తుంది. ఎఫ్-1 విద్యార్థి చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పని చేయకూడదు. ఆరోగ్య బీమా లెక్కలో కలిపారా, వేసవి సెలవుల్లో వసతి ఎవరు భరిస్తారు, ఇంటికి వచ్చిపోయే టికెట్టు ఉందా అనేవి ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోనులో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

ఎవరూ చెప్పని సంగతి పన్ను. బోధన రుసుముకు, తప్పనిసరి ఫీజులకు, పుస్తకాలకు పోయే గ్రాంటు మీద పన్ను లేదు. వసతికి, భోజనానికి పోయే గ్రాంటు మీద ఉంది. ఎఫ్-1 విద్యార్థుల విషయంలో కళాశాల దాని మీద 14 శాతం పట్టుకుంటుంది. మీ లెక్కే తీసుకుంటే, గ్రాంటు 76,000, రుసుము, ఫీజులు, పుస్తకాలు కలిపి 67,000 అయితే మిగిలిన 9,000 మీద 1,260 డాలర్లు. దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే కొంత తగ్గవచ్చు, రిటర్ను వేశాక కొంత వెనక్కి రావచ్చు. కానీ బిల్లు ముందు వస్తుంది. నా విద్యార్థుల్లో ఒకమ్మాయి మొదటి సెమిస్టర్ మధ్యలో 600 డాలర్ల బాకీ చూసి, ఏదో తప్పు జరిగిందనుకుని రాత్రంతా ఏడ్చింది. తప్పేమీ లేదు, పన్నే. మీ 12,000లో ఇందుకు కొంత పక్కన పెట్టుకోండి.

సహాయం చాలకపోతే అప్పీలు చేయవచ్చు. సీటు ముందే వచ్చి, సహాయం కూడా అడిగి ఉన్నవారికి ఇది నిజంగా పనిచేస్తుంది. ఒక కుటుంబం దేశపు కరెన్సీ విలువ మార్చి, ఆగస్టు నెలల మధ్య మూడో వంతు పడిపోయింది. వాళ్ల జీతం మారలేదు, డాలర్లలో మాత్రం 9,000 కాస్తా 6,000 అయింది. మారకపు రేటు చూపే రెండు కాగితాలు, పాత జీతం చీటీ, కొత్త జీతం చీటీ పంపారు. మేము తేడా మొత్తం ఇచ్చాం. ఎందుకు ఇవ్వగలిగామంటే వాళ్లు డిసెంబర్‌లోనే 9,000 అని రాశారు, ఆ ఫైలు మా దగ్గర ఉంది, ఏం మారిందో కంటికి కనిపించింది. సున్నా రాసినవారికి పోల్చడానికి మా దగ్గర ఫైలే ఉండేది కాదు.

ప్రతి ఏడాదీ ఈ ఫారాలు మళ్లీ నింపాలి. మీ జీతం కాస్త పెరిగితే మీ వాటా కాస్త పెరుగుతుంది. మీకు ఇంకో బిడ్డ ఉండి, వాడు కూడా కళాశాలలో చేరితే, ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోమని అడగవచ్చు. మీ ప్రశ్నలో రెండో సంతానం గురించి రాయలేదు. ఉంటే వయసు, మీ ఇల్లు సొంతమా అద్దెదా, అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో కింద రాయండి. పై జాబితాలో ఏ ఎనిమిది కళాశాలలు ముందు చూడాలో చెప్తాను. కన్సల్టెంటుకు ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, కామన్ యాప్ (అనేక కళాశాలలకు ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైటు) పాస్‌వర్డ్ మాత్రం మీ అమ్మాయి దగ్గరే ఉంచుకోండి. సహాయం కావాలా అనే గడి దగ్గర ఆమె చేత్తోనే "అవును" పడాలి.